రెండు దేశాల కాపురంలో ఒక పూట షికార్లు

ఏడాదిలో సగం స్వదేశంలో, సగం పిల్లల దగ్గర విదేశంలో గడుపుతున్నామని, ఎక్కడున్నా రెండో చోటి మీదే ధ్యాస పోతోందని రాశారు. పెద్ద టూర్లకి ఇక ఓపిక లేదని, పోనీ దగ్గర్లో ఏవైనా చూసొద్దామంటే అవీ జరగడం లేదని, తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దుతుంటే "ఇన్ని నెలలున్నాం, ఏం చూశాం?" అనిపిస్తోందని అన్నారు. మీ ఆవిడకి మోకాళ్ళ నొప్పులని, వచ్చే నెల మళ్ళీ బయల్దేరుతున్నామని కూడా రాశారు. నేనూ చాలా ఏళ్ళుగా ఇలా అటూ ఇటూ తిరుగుతూనే బతుకుతున్నాను. ఈ రకం జీవితంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ సంతోషం ఇచ్చినవి ఒక పూట షికార్లే. అందుకని కాస్త వివరంగానే రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. ఓపిక లేకపోవడం, తీరిక లేకపోవడం పైకి కనిపించే కారణాలు. లోపలున్న కారణం వేరు. స్వదేశంలో దిగగానే "ముందు పనులన్నీ చక్కబెట్టుకుందాం, తర్వాత తిరగొచ్చు" అనుకుంటాం. బ్యాంకు పని, ఇంటి రిపేర్లు, డాక్టరు దగ్గర పరీక్షలు, పలకరింపులు... ఇవి ఏనాటికీ తెమలవు. విదేశంలో ఉన్నప్పుడేమో "పిల్లలకి వీలు చూసుకుని" అనుకుంటాం. వాళ్ళకి వీలు దొరికేది శని, ఆదివారాల్లో. ఆ రెండు రోజులూ వాళ్ళకి వారం పొడుగునా పేరుకున్న ఇంటిపని ఉంటుంది. ఇలా రెండు వైపులా షికారు అనేది మిగిలిన సమయంలో చేసే పని అయిపోయింది. మిగిలేది ఏమీ ఉండదు కాబట్టి షికారూ ఉండదు. క్రమంగా రెండు ఇళ్ళలోనూ రైలు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నట్టే రోజులు గడుస్తాయి. మీ ధ్యాస ఎప్పుడూ రెండో చోటి మీద ఉండడానికి నాకు కనిపించే కారణం కూడా ఇదే. ఉన్న చోట కాలు బయట పెట్టి చూసినది లేనప్పుడు మనసుకి అక్కడ పట్టు దొరకదు.

కాబట్టి నా మొదటి సలహా: విమానం టికెట్ తీసుకున్న రోజునే షికార్ల రోజులు కూడా క్యాలెండర్‌లో రాసుకోండి. ఎక్కడికి అన్నది ఇంకా తెలియక్కర్లేదు. వారంలో ఫలానా రోజు, ఉదయం పూట అని రాసి పెట్టుకోండి. మిగతా పనులు దాని చుట్టూ సర్దుకోవాలి. ఎవరైనా "ఆ రోజు ఖాళీయేనా?" అని అడిగితే ఖాళీ లేదని చెప్పాలి. మొదట్లో దీనికి కాస్త మొహమాటం అడ్డొస్తుంది. నిజంగా పని లేదు కదా, షికారే కదా అనిపిస్తుంది. ఆ మొహమాటాన్ని దాటితే సగం దారి వచ్చేసినట్టే.

పూట అని ఎందుకు అంటున్నానో చెప్తాను. రాత్రి బయట ఉండాల్సి వస్తే బ్యాగు సర్దాలి, గది వెతకాలి, ముందే డబ్బు కట్టాలి, మందులు లెక్కపెట్టుకోవాలి. వర్షం వస్తుందేమో, ఒంట్లో బాగోదేమో అని వారం ముందు నుంచే టెన్షన్ మొదలవుతుంది. పూట షికారుకి ఇవేవీ లేవు. పొద్దున లేచి ఆకాశం చూసి, మోకాలు ఎలా ఉందో చూసుకుని, వెళ్దామా వద్దా అని అప్పటికప్పుడు అనుకోవచ్చు. మానేసినా పోయేదేమీ లేదు. రాత్రికి మన మంచం మీదే పడుకుంటాం. ఏడాదిలో ఇప్పటికే పెద్ద ప్రయాణాలు చేస్తున్నవాళ్ళకి ఇంకో పెద్ద ప్రయాణం ఆకర్షణగా ఉండదు. పెట్టె సర్దడం అంటేనే మనకి విసుగు వచ్చేసింది కదా.

నేను పెట్టుకున్న కొలత ఏమిటంటే, ఇంటి గుమ్మం నుంచి గంటలోపు చేరగలిగే చోటు. చూడాల్సింది ఒక్కటే. చీకటి పడకముందే ఇంటికి. ఈ మూడింట్లో అందరూ తేలిగ్గా తప్పేది రెండోది. "ఎలాగూ అటు వెళ్తున్నాం కదా, పక్కనే అది కూడా ఉంది" అని ఎవరో ఒకరు అంటారు. ఒకటి మూడవుతుంది. మధ్యాహ్నానికి కాళ్ళు లాగుతాయి, మాటలు తగ్గిపోతాయి, ఫోటోలు మాత్రం మిగులుతాయి. పక్కనున్నది ఇంకో వారానికి దాచుకోండి. ఇంకా చూడాల్సింది ఒకటి మిగిలి ఉందన్న ఊహ ఇంట్లో కూర్చున్న రోజుల్లో కూడా మంచి తోడు.

ఇక దిగిన మొదటి వారం గురించి. చాలామంది ఆ వారాన్ని పడక మీద పోగొట్టుకుంటారు. జెట్ లాగ్ అంటే ఒంట్లోని గడియారం ఇంకా పాత దేశం టైములోనే నడవడం. అది రోజుకి సుమారు ఒక గంట చొప్పున కొత్త వేళకి సర్దుకుంటుంది. మనిషి లోపలి గడియారం చుట్టు సగటున 24 గంటలకన్నా కాస్త ఎక్కువ. అందుకే రోజును సాగదీయడం దానికి సులువు, కుదించడం కష్టం. పడమరకి వెళ్ళినప్పటికన్నా తూర్పుకి వచ్చినప్పుడు ఎక్కువ రోజులు తల దిమ్ముగా ఉండడానికి కారణం ఇదే. ఈ గడియారాన్ని తిప్పే శక్తి అన్నిటికన్నా ఎక్కువగా వెలుతురుకే ఉంది. ఐదారు గంటల తేడా అయితే తూర్పుకి వచ్చినప్పుడు ఉదయపు వెలుతురు, పడమరకి వెళ్ళినప్పుడు సాయంత్రపు వెలుతురు మేలు చేస్తాయి. తేడా పది, పన్నెండు గంటలైతే ఈ లెక్క ఇంత సూటిగా పనిచేయదు. అప్పుడు చేయగలిగింది, పగటిపూట వీలైనంత బయట ఉండడం, అక్కడి వేళకే తినడం, అక్కడి వేళకే పడుకోవడం.

కాబట్టి మొదటి షికారు మూడో రోజో నాలుగో రోజో పెట్టుకోండి. అది ఇంటి చుట్టుపక్కలే నడిచి వెళ్ళేది అయి ఉండాలి. ఏదో చూడాలని కాదు, వెలుతురులో ఉండాలని. ఆ రోజుల్లో మాత్రం స్టీరింగు పట్టుకోకండి. మధ్యాహ్నం ఉన్నట్టుండి నిద్ర ముంచుకొస్తుంది, అది చెప్పి రాదు. ఇంకో జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పాలి. నాలుగు గంటలు మించి కదలకుండా కూర్చుని చేసే ప్రయాణం కాళ్ళ సిరల్లో రక్తం గడ్డ కట్టే ముప్పును సుమారు రెండింతలు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన పరిశోధనలో తేలింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఆ ముప్పు మొత్తం మీద చిన్నదే. కానీ దిగిన తర్వాత ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగా ఉంటే "నాలుగడుగులు నడిస్తే తగ్గుతుందిలే" అనుకోవద్దు. ఆ పూట షికారు మానేసి డాక్టరుకి చూపించుకోండి. ఊపిరి అందకపోవడం, ఛాతీలో నొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికే.

ఇప్పుడు స్వదేశంలో గడిపే నెలల సంగతి. నా దృష్టిలో అసలు కష్టం ఇక్కడే ఉంది. విదేశంలో కొత్తదనం ఉంటుంది కాబట్టి కాస్త నెట్టినా కదులుతాం. సొంత చోట "మనకు తెలియనిదేముంది ఇక్కడ" అనుకుంటాం. నిజానికి మనం లేని నెలల్లో చాలా మారిపోయి ఉంటాయి. మనకి తెలిసిన ఊరు ఎప్పుడో మనం ఉద్యోగాలు చేసుకుంటూ ఆదరాబాదరాగా దాటిపోయిన ఊరు. తీరిగ్గా నిలబడి చూసింది తక్కువ.

అక్కడ సమయాన్నంతా తినేది పలకరింపులు. చుట్టాలని, స్నేహితులని చూడకుండా ఉండలేం, ఉండకూడదు కూడా. వెళ్ళిందే వాళ్ళ కోసం. కానీ ప్రతి పలకరింపూ ఎవరో ఒకరి ఇంటి హాల్లో కుర్చీల్లోనే జరగాలని లేదు. "మేము మీ ఇంటికి వస్తాం" అనే బదులు "మిమ్మల్ని ఫలానా చోటికి తీసుకెళ్తాం, వస్తారా?" అని అడిగి చూడండి. ముఖ్యంగా పెద్దవాళ్ళని. వాళ్ళని బయటికి తీసుకెళ్ళేవాళ్ళే ఉండరు. ఆసుపత్రికి తప్ప గుమ్మం దాటని పెద్దవాళ్ళు మన అందరి ఇళ్ళలోనూ ఉన్నారు.

ఒకసారి మా పెద్దమ్మని ఆవిడ చిన్నప్పుడు చదివిన బడికి తీసుకెళ్ళాను. బళ్ళో సెలవులు. కాపలా ఉన్నాయన మమ్మల్ని చూసి అడ్డు చెప్పకుండా గేటు తీశాడు. కొత్త భవనాలు చాలా వచ్చాయి గానీ వెనకవైపు పాత వరండా ఒకటి అలాగే ఉంది. పెద్దమ్మ చేతికర్ర గోడకి ఆనించి, ఒక కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని లోపలికి చూసింది. "ఆ మూల బెంచీ మాది. ఎండ సరిగ్గా పలకల మీద పడేది, రాసింది కనిపించేది కాదు" అంది. ఆ తర్వాత పక్కన కూర్చునే అమ్మాయి పేరు చెప్పింది. లెక్కల టీచరు ఎలా నడిచేవారో చెప్పింది. ఇంట్లో కూర్చుంటే ఆవిడ మాట్లాడేవి మాత్రల గురించి, నిద్ర పట్టకపోవడం గురించి. ఆ వరండాలో గంటసేపు నిలబడి, మధ్యలో కూర్చుని, మాకెవ్వరికీ తెలియని మనిషి గురించి చెప్పింది. ఆ మనిషి ఎనిమిదేళ్ళ పిల్ల. ఇంటికొచ్చాక ఆవిడ అడిగిన మాట ఒక్కటే, "మళ్ళీ ఎప్పుడు వెళ్దాం?"

అందుకని మీ ఇద్దరి తరఫు పెద్దవాళ్ళలో ఎవరున్నారో ఒకసారి రాసుకోండి. ఒక్కొక్కరిని ఒక్కో చోటికి. చదివిన బడి, మొదట ఉద్యోగం చేసిన ఆఫీసు, పెళ్ళయిన కొత్తలో అద్దెకున్న వీధి, ఇలా. ఆ చోట్లకి టికెట్ ఉండదు, క్యూ ఉండదు. మీరు లేని నెలల్లో ఫోన్‌లో మాట్లాడుకోవడానికి కూడా ఆ గంట ఉపయోగపడుతుంది. "ఎలా ఉన్నారు, బాగున్నాం" దగ్గర ఆగిపోయే ఫోన్లు అక్కడి నుంచి ముందుకు వెళ్తాయి.

బ్యాంకుల్లో, ఆఫీసుల్లో పనుల మీద బయటికి వెళ్ళే రోజులకి కూడా చిన్న తోక తగిలించండి. బ్యాంకులో పని పదకొండింటికి అయిపోయిందనుకోండి, ఆ చుట్టుపక్కల పాత గుడో, చెరువో, పుస్తకాల షాపో, పార్కో ఏది ఉందో ముందు రోజే చూసి పెట్టుకోండి. పని కాకపోయినా ఆ రోజు పూర్తిగా పాడైనట్టు అనిపించదు.

విదేశంలో ఉండే నెలల్లో పరిస్థితి ఇంకో రకం. అక్కడ తీరికకి లోటు ఉండదు, కదలడానికి మాత్రం పిల్లల కారు మీద ఆధారపడతాం. ఈ ఆధారపడడం నుంచి కొంతైనా బయటపడితేనే షికార్లు మీవి అవుతాయి. మీరున్న చోట బస్సు గానీ, ట్రామ్ గానీ, లోకల్ రైలు గానీ ఉంటే దాన్ని నేర్చుకోవడమే మీ మొదటి షికారు అనుకోండి. ఎక్కడికో చేరాలని కాకుండా, ఇంటి దగ్గరి స్టాపులో ఎక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి, అక్కడ పది నిమిషాలు చుట్టూ చూసి, అదే నంబరు బస్సులో తిరిగి రండి. కిటికీ పక్కన కూర్చుంటే చాలు, మోకాళ్ళకి పని లేదు. ఏ స్టాపు దగ్గర పార్కు ఉంది, ఎక్కడ సంత జరుగుతోంది, లైబ్రరీ ఎక్కడ, టాయిలెట్ ఎక్కడ, ఇవన్నీ ఆ ఒక్క ప్రయాణంలో తెలిసిపోతాయి. తర్వాతి షికార్లన్నీ అందులోంచే పుడతాయి. చాలా నగరాల్లో వయసు పైబడినవాళ్ళకి టికెట్‌లో రాయితీ ఉంటుంది. అది అక్కడ స్థిరపడినవాళ్ళకేనా, వచ్చిపోయేవాళ్ళకి కూడానా అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి టికెట్ కౌంటర్‌లో అడగండి. రోజంతా ఎన్నిసార్లైనా ఎక్కి దిగగలిగే టికెట్ ఉంటే షికారు రోజున అదే తీసుకోండి. తప్పు బస్సు ఎక్కామన్న భయం పోతుంది.

బయల్దేరే ముందు ఇంటి అడ్రస్, పిల్లల ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినప్పుడు ఆ కాగితమే దిక్కు. మ్యాపును ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా మనం ఎక్కడున్నామో చూపిస్తుంది. వాడే మందులు, వాటి అసలు రసాయనం పేరు కూడా రాసి పెట్టుకోండి. కంపెనీ పేరు దేశం దాటితే ఎవరికీ తెలియకపోవచ్చు.

లైబ్రరీ మాట వచ్చింది కాబట్టి ఆగి చెప్తాను. కొత్త చోట నేను మొదట వెతికేది దాన్నే. చదవడానికి కాదు, నోటీసు బోర్డు కోసం. చుట్టుపక్కల వాళ్ళు కలిసి చేసే నడకలు, పిట్టల్ని చూడడానికి వెళ్ళే బృందాలు, ఉచితంగా జరిగే కచేరీలు, పాత కట్టడాల దగ్గర స్థానికులు చెప్పే చరిత్ర, ఇవన్నీ అక్కడే అంటించి ఉంటాయి. ఇంటర్నెట్‌లో వెతికితే ముందు కనిపించేవి టూరిస్టులు వెళ్ళే చోట్లు. బోర్డు మీద కనిపించేవి అక్కడ బతికేవాళ్ళు వెళ్ళే చోట్లు. రెండో రకమే మనలాంటివాళ్ళకి కావాలి, ఎందుకంటే మనం టూరిస్టులం కాదు.

మ్యూజియాల విషయంలో ఒక మాట. టికెట్ పెట్టి వెళ్తే డబ్బు దండగ కాకూడదని అన్ని గదులూ చూడాలనిపిస్తుంది, మూడో గదికల్లా నడుం పట్టేస్తుంది. ప్రవేశం ఉచితంగా ఉన్న చోట ఆ ఒత్తిడి ఉండదు. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియాలు, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం అలా ఉచితంగా చూడనిచ్చేవే. చాలా నగరాల్లో మిగతా మ్యూజియాలకి కూడా వారంలోనో నెలలోనో ఒక ఉచిత పూట ఉంటుంది. అలాంటి చోటికి వెళ్ళి ఒక్క గదిలో, వీలైతే ఒక్క బొమ్మ ముందు కూర్చుని, వచ్చేయండి. మిగతావి అక్కడే ఉంటాయి, మీరు మళ్ళీ వస్తారు. రెండు చోట్లా బతకడంలో ఉన్న గొప్ప సౌకర్యం ఇదే. వారం రోజుల టూర్ మీద వచ్చినవాళ్ళకి ఈ ధీమా ఉండదు.

కారు నడపాలనుకుంటే బయల్దేరకముందే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ సంగతి చూసుకోండి. దాన్ని లైసెన్స్ ఇచ్చిన దేశంలోనే తీసుకోవాలి. 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది ఏడాది చెల్లుతుంది, 1968 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చేది గరిష్ఠంగా మూడేళ్ళు. మీరు వెళ్ళే దేశం ఏది ఒప్పుకుంటుందో, ఎన్ని నెలలు ఒప్పుకుంటుందో తెలుసుకోవాలి. సరిహద్దుకి దగ్గర్లో ఉండేవాళ్ళకి ఇంకో ఆశ పుడుతుంది, ఒక పూట పక్క దేశం చూసొద్దామని. అక్కడ ఆగి వీసా చూసుకోండి. ఒకేసారి ప్రవేశించడానికి ఇచ్చిన వీసా అయితే గీత దాటాక వెనక్కి రానివ్వకపోవచ్చు. యూరప్‌లోని షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసా మీద ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తిరగగలిగే దేశాల్లో, కొద్దికాలం ఉండేవాళ్ళకి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే పరిమితి. అడుగుపెట్టిన రోజు, వదిలిన రోజు కూడా లెక్కలోకే వస్తాయి. ఒక పూట సరదా కోసం ఒక పూర్తి రోజు ఖర్చయిపోతుందన్నమాట.

ఉత్తరాన ఉన్న దేశాలకి వెళ్ళేవాళ్ళు పగటి లెక్క కూడా మనసులో పెట్టుకోవాలి. 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర డిసెంబర్ చివర్లో పగలు సుమారు 8 గంటలే. జూన్ చివర్లో అదే చోట 16 గంటలు దాటుతుంది. మధ్యాహ్నం భోజనం చేసి, ఓ కునుకు తీసి బయల్దేరదామంటే చలికాలంలో చీకటి ఎదురొస్తుంది. పైగా యూరప్‌లో అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచే సాయంత్రం గంట ముందే ముగుస్తుంది. గడియారం మార్చని దేశంలో ఉన్న అయినవాళ్ళతో మాట్లాడే వేళ కూడా గంట జరుగుతుంది. చలికాలంలో షికారు పొద్దున పదింటికి మొదలై రెండింటికి ముగిసేలా పెట్టుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు.

ఇక నేను ఎక్కువగా ఇష్టపడే పద్ధతి చెప్తాను. ప్రతిసారీ కొత్త చోటే వెతకాలని లేదు. రెండు దేశాల్లోనూ ఒక్కో చోటు మీది అని పెట్టుకోండి. నాకు విదేశంలో ఇంటికి దగ్గర్లో ఒక చిన్న చెరువు ఉంది. దాని చుట్టూ తిరగడానికి అరగంట చాలు. ఒక ఏడాది చలికాలంలో వెళ్తే నీళ్ళు గడ్డకట్టి, అంచున రెల్లు ఎండి, గాలికి గలగలమంటోంది. మంచు మీద ఏదో పిట్ట నడిచిన గుర్తులు ఒక గట్టు నుంచి బయల్దేరి సగం దూరంలో ఆగిపోయాయి. అక్కడి నుంచి ఎగిరిపోయి ఉంటుంది. ఇంకో ఏడాది ప్రయాణం ఏప్రిల్‌కి మారింది. అదే గట్టు మీద బాతు తన పిల్లల్ని వరసగా నీళ్ళలోకి దింపుతోంది. ఆఖరిది దిగడానికి భయపడి గట్టు మీదే అటూ ఇటూ పరుగెత్తుతుంటే తల్లి వెనక్కి వచ్చి దాని పక్కన నిలబడింది. తోసింది లేదు, పిలిచింది లేదు. అది దిగేదాకా ఊరికే నిలబడింది. నేనూ నిలబడ్డాను, నాకు వేరే పనేముంది. కొత్త చోట అయితే ఇంతసేపు ఒకేచోట నిలబడి ఉండేవాణ్ణి కాదు.

వీలైతే ఒక్కో ఏడాది ప్రయాణం నెలలు మార్చి చూడండి. ఎప్పుడూ ఎండాకాలం తప్పించుకోవడానికో, చలికాలం తప్పించుకోవడానికో ఒకే నెలల్లో కదిలితే రెండు దేశాల్లోనూ సగం సంవత్సరమే తెలుస్తుంది.

మనసు రెండో చోటికి లాగడం గురించి మీరు రాసింది మీ ఒక్కరి అనుభవం కాదు. నార్వే నుంచి అమెరికా వెళ్ళి వచ్చిన ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ గ్రహీతలను అధ్యయనం చేసి స్వెర్రె లిస్‌గార్డ్ అనే పరిశోధకుడు 1955లో ఒక మాట చెప్పాడు: మొదట ఉత్సాహం, తర్వాత దిగులు, ఆ తర్వాత మెల్లగా కుదురు. 1963లో జాన్, జీన్ గల్లాహార్న్ అనే దంపతులు దానికి ఇంకోటి కలిపారు, స్వదేశానికి తిరిగొచ్చాక కూడా అదే వరస మళ్ళీ నడుస్తుందని. అందరికీ ఇలాగే జరగదని తర్వాతి పరిశోధనలు చూపించాయి. కానీ మనలా ఏటా అటూ ఇటూ మారేవాళ్ళు తమ సంగతి గమనించుకుంటే మంచిది. నాకు వచ్చిన వారం, పది రోజులు హుషారుగా ఉంటుంది. చూడాల్సినవాళ్ళని చూసేశాక, ఇవ్వాల్సినవి ఇచ్చేశాక ఒక్కసారిగా దిగులు కమ్ముతుంది. ఎవరికైనా ఆ రోజులు ఎప్పుడొస్తాయో ఒకటి, రెండు ప్రయాణాల్లో తెలిసిపోతుంది. మంచి షికారుని ఆ రోజులకి ఉంచుకోండి. హుషారుగా ఉన్నప్పుడు చిన్న నడక చాలు.

షికారులో ఉన్నంతసేపు వీడియో కాల్ చేయకండి. అవతలివాళ్ళ మీద ప్రేమతోనే చేస్తాం, కానీ ఫోన్ ఎత్తి పట్టుకుని "ఇదిగో చూడు, అదిగో చూడు" అంటూ నడిస్తే మనం ఉన్న చోట మనమే ఉండం. ఇంటికొచ్చాక రెండు ఫోటోలు పంపి, తీరిగ్గా చెప్పండి. కదలలేని పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే మాత్రం వేరు. వాళ్ళ కోసమే ముందుగా టైమ్ చెప్పి, ఒక చోట కూర్చుని, ఒక్క దృశ్యం నిదానంగా చూపించండి.

భార్యాభర్తలు ఎప్పుడూ కలిసే వెళ్ళాలన్న పట్టింపు కూడా వద్దు. రెండో దేశంలో రోజంతా ఒకే ఇంట్లో, ఒకరికొకరే తోడుగా ఉంటాం కాబట్టి అప్పుడప్పుడు ఎవరి షికారు వాళ్ళది అయితే సాయంత్రం చెప్పుకోవడానికి మాటలుంటాయి. నెలకి ఒకటైనా మనవళ్ళలో ఒక్కరిని మాత్రమే తీసుకుని వెళ్ళండి. ఇద్దరుంటే వాళ్ళిద్దరి ఆటలో వాళ్ళుంటారు. ఒక్కరే ఉంటే మీతో మాట్లాడతారు. దారి వాళ్ళనే చూపించమనండి.

మీ ఆవిడ మోకాళ్ళ విషయం చివరికి ఉంచాను, ఎందుకంటే మీ మొదటి షికారు దాన్ని బట్టే ఉండాలి. దూరం కన్నా ముందు చూడాల్సింది నేల. చదునైన దారి, మెట్లు లేకపోవడం, వంద, రెండు వందల అడుగులకొక బెంచీ, దగ్గర్లో టాయిలెట్. దిగుడు దారులు ఎక్కుడు కన్నా మోకాళ్ళని ఎక్కువ బాధపెడతాయి కాబట్టి కొండ మీది చోట్లయితే వచ్చేటప్పుడు బస్సు ఉందో లేదో చూసుకోండి. నడవబోయే దారిని ముందు మీరొక్కరే ఒకసారి వెళ్ళి చూసి రావడం ఇంకా మంచిది. చేతికర్ర తీసుకెళ్ళడానికి ఆవిడ ఇబ్బంది పడితే మడత పెట్టే రకం దొరుకుతుంది, సంచిలో పడుతుంది. అక్కడ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పాత మోకాలి సమస్యకి కూడా వర్తిస్తుందా లేదా అని స్పష్టంగా అడగండి. అంతకుముందే ఉన్న జబ్బులని చాలా పాలసీలు పక్కన పెడతాయి.

వచ్చే నెల దిగిన మూడో రోజు ఇంటి చుట్టూ వెలుతురులో ఒక అరగంట నడక. రెండో వారంలో ఆవిడతో కలిసి బస్సులో చివరి స్టాపు దాకా వెళ్ళి రావడం. ఈ రెండూ ఇప్పుడే క్యాలెండర్‌లో రాసేయండి. మూడోది ఎక్కడికన్నది ఆ బస్సు కిటికీలోంచి చూసి ఆవిడనే ఎంచుకోమనండి.